ఆ కొమ్ముచెంబును ఒక్కసారి తిరగేసి చూపించండి

అమెరికా మ్యూజియంలలో తొలినాటి వెండి సామాను గదుల బాధ్యత చూస్తున్న క్యూరేటర్లకు,

నమస్కారం.

ఈ ఉత్తరం ఇంగ్లీషు ప్రతిని మీలో కొందరికి వేరుగా పంపాను. మళ్లీ తెలుగులో రాయడానికి రెండు కారణాలున్నాయి. ఇంగ్లీషులో రాస్తున్నప్పుడు దాగలి, మూస, తరుగు, అతుకు అనే మాటలు వచ్చిన చోటల్లా నా కలం ఆగిపోయింది. అర్థం చెప్పగలిగాను గాని, మా ఇంటి కుంపటి వాసన అందులోకి రాలేదు. ఇక రెండోది, సెలవు రోజుల్లో మీ గదుల్లో తిరిగే జనంలో తెలుగువాళ్లు తక్కువేమీ లేరు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను వెంటబెట్టుకుని బోస్టన్, ఫిలడెల్ఫియా, న్యూయార్క్ చూపిస్తాం. మమ్మీల దగ్గర అరగంట నిలబడతాం. వెండి సామాను గదిని మాత్రం రైలు ప్లాట్‌ఫారం దాటినట్టు దాటేస్తాం. అందులో తప్పు సగం మాది, సగం మీది. మీ సగం గురించే ఈ ఉత్తరం.

నేను కంసాలి కూతురిని. మా నాన్న 50 ఏళ్లు వెండిపని చేశారు. కుంకుమ భరిణెలు, పన్నీరు బుడ్లు, హారతి పళ్లాలు, పసిపిల్లలకు ఉగ్గుగిన్నెలు. ఇప్పుడు ఆయనకు 78 ఏళ్లు. కిందటి అక్టోబరులో మా దగ్గరకు వచ్చినప్పుడు ఒక మ్యూజియానికి తీసుకువెళ్లాను. ఏ మ్యూజియమో చెప్పను, చెప్పాల్సినంత నేరం అక్కడేమీ జరగలేదు. వెండి గదిలో ఒక టీపాట్ ముందు ఆయన ఆగిపోయారు. కోలగా, నిలువు గోడలతో, తిన్నని కొమ్ముతో, నల్లటి చెక్క పిడితో ఉంది. 1790ల నాటిదని పక్కన రాసి ఉంది. "కొమ్ముచెంబు" అన్నారు. ఆ తరవాత చాలాసేపు మాట్లాడలేదు. ఎడమ పక్క నుంచి చూశారు, కుడి పక్క నుంచి చూశారు, చివరికి నేల మీద గొంతుక్కూర్చుని గాజు అర కింది నుంచి పైకి చూడబోయారు. కాపలా మనిషి వచ్చి, మర్యాదగానే, కొంచెం వెనక్కి జరగమన్నాడు. ఆయనకేం కావాలని నన్నడిగాడు. చెంబు అడుగు చూడాలట అన్నాను. అతను నవ్వాడు. నిజానికి అడుగు ఎలాగూ కనిపించదు. ఆ టీపాట్ తనకంటూ చేసిన ఓ బుల్లి వెండి పీట మీద కూర్చుని ఉంది.

"అతుకు పిడి వెనకాల దాచాడు" అన్నారు నాన్న, కారెక్కాక. "నేనైనా అక్కడే దాస్తాను. అడుగు చూస్తే ఇంకా తెలిసేది."

ఇంటికి వచ్చాక ఫోనులో తీసుకున్న ఫోటోలో ఆ వస్తువు పక్కనున్న పలక మళ్లీ చదివాను. దాన్ని కొనుక్కున్న దంపతుల పేర్లు ఉన్నాయి. చేయించిన దుకాణం యజమాని పేరు ఉంది. నియోక్లాసికల్ అన్న మాట రెండుసార్లు ఉంది. ఆ చెంబు ఎలా పుట్టిందో చెప్పే ముక్క ఒక్కటీ లేదు. ఆ తరవాత నెలల తరబడి దొరికిందల్లా చదివాను, వారాంతాల్లో మరికొన్ని చోట్లకు వెళ్లాను. మీలో కొందరు బాగానే చెబుతున్నారు, కాదనను. కాని చాలా చోట్ల వెండి గది అంటే పెళ్లివారి విడిది ఇల్లు. ఎవరి కానుక ఎవరికి వెళ్లిందో చెబుతారు, వంట ఎవరు చేశారో చెప్పరు.

ఆ నియోక్లాసికల్ శైలి కథ మా వాళ్లకు నాలుగు మాటల్లో చెప్పేస్తాను. 18వ శతాబ్దం మధ్యలో ఇటలీలో, అగ్నిపర్వతం కప్పేసిన హెర్క్యులేనియం, పాంపే ఊళ్ల తవ్వకాలు మొదలయ్యాయి. బూడిద కింద నుంచి బయటపడిన పాత రోమును చూసి యూరప్ మోజు పడింది. ఇంగ్లండులో రాబర్ట్ ఆడమ్ లాంటి వాస్తుశిల్పులు ఆ కలశాలను, పూలదండలను, గాళ్లు తీసిన స్తంభాలను ఇళ్లలోకి తెచ్చారు. గుల్లలు, తీగలు, సుడులు తిరిగిన పాత అలంకారం వెనకబడింది. స్వాతంత్ర్య యుద్ధం గెలిచి బ్రిటన్ రాజును వదిలించుకున్న అమెరికాకు రోమన్ గణతంత్రం పోలిక ఇంకా నచ్చింది. పంచదార గిన్నె కలశమైంది. పాల చెంబు శిరస్త్రాణాన్ని తలకిందులు చేసినట్టయింది. ఇదంతా మీ పలకల మీద ఉంది, బాగానే ఉంది.

మా నాన్న చూసింది అది కాదు. ఆయన చూసింది రేకు.

అంతకు ముందు తరం టీపాట్లు పొట్టతో, పియర్ పండు ఆకారంలో ఉండేవి. వాటికి అతుకు ఉండదు. వెండి కరిగించి, దిమ్మ పోసి, దాన్ని గుండ్రటి బిళ్లగా సాగగొట్టి, దాగలి అనే ఇనుప దిమ్మ మీద తిప్పుతూ సుత్తితో వరస తప్పకుండా కొట్టాలి. కొడుతుంటే వెండి బిగుసుకుపోతుంది. బిగుసుకున్నప్పుడల్లా కుంపట్లో కాల్చి మెత్తబరచాలి, మళ్లీ కొట్టాలి. ఒక పొట్ట పైకి లేవడానికి రోజులు పడుతుంది. 1780లకు వచ్చేసరికి వెండిని రెండు ఉక్కు రూళ్ల మధ్య నడిపి పలచటి రేకుగా సాగదీసే మరలు అమెరికా పట్టణాలకు వచ్చాయి. బోస్టన్‌లో పేరున్న వెండిపనివాడు పాల్ రివీర్ కూడా ఆ దశకంలోనే ఒకటి సంపాదించుకున్నాడు. ఇక టీపాట్ గోడ అంటే, రేకు కత్తిరించి, కోలగా వంచి, రెండు అంచులూ కలిపి టంకం పెట్టడమే. అడుగుకు మరో రేకు. కొమ్ము ఇంకో రేకు చుట్ట. అందుకే ఆ గోడలు నిలువుగా, కొమ్ములు తిన్నగా ఉంటాయి. పాంపే ఎంత కారణమో రేకు మర కూడా అంత కారణం. కొత్త మోజుకూ కొత్త మరకూ అలా జత కుదిరింది.

రేకు పని చౌక పని అని, సుత్తి పని పోవడంతో విద్య పోయిందని అనేవాళ్లున్నారు. నేనూ అలాగే అనుకుని నాన్నతో అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. "సుత్తి పనిలో తప్పు దొర్లితే మళ్లీ సుత్తే దాన్ని కప్పుతుంది. రేకు పనిలో అతుకు చెడితే చెంబే చెడినట్టు" అన్నారు. జానెడు పొడవు అతుకు. వెలిగారం పూసి, టంకం ముక్కలు పేర్చి, ఊదుగొట్టంతో మంట పెట్టాలి. టంకం కరిగే వేడికీ వెండి కరిగే వేడికీ మధ్య ఎడం ఎక్కువ ఉండదు. మంట ఒక చోట నిలిచిపోతే గోడకే చిల్లు పడుతుంది, తగ్గితే టంకం గడ్డకట్టి అతుకు తెరుచుకుంటుంది. పైగా అది గుండ్రం కాదు, కోల. గుండ్రమైతే అడుగు రేకు ఎటు తిప్పినా సరిపోతుంది. కోల అడుగు ఒక్క తీరులోనే కూర్చుంటుంది. ఇదంతా అయ్యాక ఆ గీత కనబడకుండా పిడి వెనక్కు తిప్పి పెట్టాలి. రెండు వందల ఏళ్ల పైచిలుకు తరవాత ఒక ముసలాయన గాజు బయట నిలబడి దాన్ని పట్టుకున్నాడంటే, దాచినవాడికి అది పరువే.

ఆ బుల్లి పీట సంగతి కూడా అలాంటిదే. పాత పొట్ట చెంబులకు కింద ఒక కుదురు ఉండేది, అది బల్లకు తగలకుండా పొట్టను పైకి ఎత్తి ఉంచేది. కొత్త కోల చెంబుకు బల్లపరుపు అడుగు. మరిగే నీళ్లు పోస్తే ఆ వేడంతా మెరుగు పెట్టిన మహాగని బల్ల మీదికి దిగుతుంది. అందుకని బుల్లి కాళ్లున్న పీట పుట్టింది. వెండి గ్లాసులో వేడి కాఫీ పోయించుకుని చెంగుతో పట్టుకున్న వాళ్లకు పిడి చెక్కతో ఎందుకు చేశారో చెప్పక్కర్లేదు. మీరు ఆ పీటను అందమైన జత అని మాత్రం రాస్తారు. ఆకారం మారితే కలిగిన ఇబ్బంది నుంచి పుట్టిన వస్తువని ఒక్క వాక్యం రాస్తే పదేళ్ల పిల్లవాడు కూడా ఆగి చూస్తాడు.

రివీర్ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈ దేశంలో వెండిపనివాడంటే అందరికీ తెలిసిన పేరు ఆయనదొక్కటే, అదీ గుర్రం వల్ల, 1775లో బ్రిటిష్ సైన్యం వస్తోందని రాత్రివేళ గుర్రమెక్కి ఊళ్లను హెచ్చరించినందుకు. తండ్రి అపోలోస్ రివ్వార్ ఫ్రాన్సు నుంచి చిన్నతనంలోనే బోస్టన్ వచ్చిన ప్రొటెస్టెంట్ శరణార్థి. జాన్ కోనీ అనే వెండిపనివాడి దగ్గర చేరి పని నేర్చుకున్నాడు. ఊళ్లోవాళ్ల నోరు తిరగడానికి పేరు రివీర్ అయింది. మా ఆయన పేరు ఆఫీసులో రెండక్షరాలకు కుదించుకుపోయినట్టే. కొడుకు పాల్ తండ్రి దగ్గరే పని నేర్చాడు. ఆయన రోజువారీ లెక్కల పుస్తకాలు మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీలో ఉన్నాయి, 1761 నుంచి 1797 దాకా. వాటి గురించి చదువుతుంటే నాకు మా దుకాణం చిట్టా పుస్తకం కళ్ల ముందు కదిలింది. వెండి తూకం ఒక పద్దు, చేసినందుకు మజూరీ ఇంకో పద్దు, పేరు చెక్కినందుకు వేరే పద్దు. ఖాతాదారు తెచ్చిన పాత వెండి జమ. మా నాన్న వినగానే "తరుగు ఎంత వేశాడు?" అని అడిగారు. ఆ జవాబు నా దగ్గర లేదు. మీ దగ్గర ఉంటే పలక మీద పెట్టండి, మా వాళ్లు బారులు తీరతారు.

ఇప్పుడు అడుగు సంగతికి వస్తాను. ఆ రోజు నాన్న చూడాలనుకున్నది ఏమిటో మీకందరికీ తెలుసు, ఎందుకంటే చేతి తొడుగులు వేసుకుని ఆ చెంబులను తిరగేసేది మీరే. అడుగున చేసినవాడి ముద్ర ఉంటుంది. చాలాసార్లు సూదితో గీకిన అంకెలు కూడా ఉంటాయి, ట్రాయ్ ఔన్సుల్లో తూకం. ఎందుకు గీకారు? ఆ వెండి టీ పోసుకోవడానికే కాదు, దాచుకోవడానికి కూడా. ఈ దేశంలో మొదటి బ్యాంకు ఫిలడెల్ఫియాలో తలుపులు తెరిచింది 1782లో. అంతకు ముందు చేతిలో స్పానిష్ డాలర్లు పోగుపడితే వాటిని వెండిపనివాడి మూసలో వేసి కరిగించి చెంబు చేయించుకునేవారు. దొంగ ఎత్తుకుపోతే నాణేలు ఎవరివో చెప్పలేం. ముద్ర, తూకం, పొడి అక్షరాలు ఉన్న చెంబునైతే పత్రికలో ప్రకటన వేసి పట్టుకోవచ్చు. అవసరమైతే మళ్లీ కరిగించుకోవచ్చు. మా ఇళ్లలో ఇత్తడి బిందెల మీద, స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టిస్తారు. పెళ్లిలో పెట్టిన గిన్నె ఎవరి పుట్టింటిదో ముప్పై ఏళ్ల తరవాత కూడా తెలుస్తుంది. అక్కడా అంతే. పాత చెంబుల మీద ఇంటిపేరు మొదటి అక్షరం పైన, కింద భర్తదీ భార్యదీ చెరో అక్షరం, త్రికోణంలా. నియోక్లాసికల్ నాటికి ఆ అక్షరాలు అల్లుకుపోయి, చుట్టూ పూలదండ, పైన రిబ్బను ముడితో గోడ మీదికి ఎక్కాయి. అలంకారం కనిపించే చోట, లెక్క కనిపించని చోట. మీరు మాకు అలంకారమే చూపిస్తున్నారు.

ఈ ముద్ర విషయంలో అమెరికాకు ఒక ప్రత్యేకత ఉంది. ఇంగ్లండులోలా వెండి నాణ్యత పరీక్షించి ముద్ర వేసే కార్యాలయం ఇక్కడ దేశం మొత్తానికి ఏనాడూ లేదు. బాల్టిమోర్‌లో మాత్రం 1814 నుంచి 1830 దాకా ఒక పరీక్ష వ్యవస్థ నడిచింది. మిగతా చోట్లంతా చేసినవాడి పేరే పూచీ. కరిగించింది నాణేలు కాబట్టి వెండి నాణెం పాళ్లకు దగ్గరగా, నూటికి 90 అటూ ఇటూ ఉండేది. స్టెర్లింగ్ అంటే ఇంగ్లండు ప్రమాణం, 92.5. కొనేవాడి చేతిలో గీటురాయి లేదు, పేరు మీద నమ్మకం ఉంది. ఫిలడెల్ఫియాలో జోసెఫ్ రిచర్డ్‌సన్ అనే వాడి ఇంట్లో మూడు తరాలు ఆ నమ్మకం నిలబెట్టుకున్నాయి. ఎంతగా అంటే, 1795లో కొత్త దేశపు టంకశాలకు పరీక్షకుడు కావాల్సి వచ్చినప్పుడు జార్జ్ వాషింగ్టన్ ఆ ఇంటి మూడో తరం జోసెఫ్‌నే నియమించాడు. టీపాట్లు చేసిన చెయ్యే డాలరులో వెండి ఎంతో తేల్చింది. క్వేకర్ అనే క్రైస్తవ శాఖవాడు, ఆర్భాటం గిట్టని మనిషి. ఆయన వెండి కూడా అలాగే ఉంటుంది, ముత్యాల వరసలాంటి ఒక సన్నని అంచు, ఇక చాలన్నట్టు.

ఇక టీ. మా వాళ్లు బోస్టన్ టీ పార్టీ అనగానే అస్సాం టీ ఆకు అనుకుంటారు. 1773 డిసెంబరు 16 రాత్రి బోస్టన్ రేవులో 342 పెట్టెలు నీళ్లపాలైనప్పుడు వాటిలో ఉన్నదంతా చైనా ఆకు. మనకు సంబంధం ఉన్నది కంపెనీతో. ఆ పెట్టెల మీద సొంతదారు ఈస్ట్ ఇండియా కంపెనీయే ఆ రోజుల్లో మచిలీపట్నం, రాజమండ్రి వైపు ఉత్తర సర్కారుల్లో శిస్తు వసూలు చేస్తోంది. అక్కడ శిస్తుకు ఎదురు చెప్పలేని మా తాతముత్తాతలకూ, ఇక్కడ పన్ను కట్టం అని పెట్టెలు పారబోసిన వాళ్లకూ దొర ఒకడే. పారబోసిన వారిలో రివీర్ ఉన్నాడు. అప్పటికి ఐదేళ్ల కింద, టీ మీద పన్ను గొడవ ముదురుతున్న 1768లో, జాన్ సింగిల్టన్ కాప్లీ ఆయన బొమ్మ గీశాడు. ఒక చెయ్యి గడ్డం కింద, రెండో చేతిలో టీపాట్, కోటు లేదు. ఆ కాప్లీ మరుసటి ఏడు పెళ్లాడింది రిచర్డ్ క్లార్క్ అనే వర్తకుడి కూతురిని. 1773లో బోస్టన్‌కు ఆ టీ ఎవరి పేరిట వచ్చిందో ఆ వర్తకుల్లో క్లార్క్ ఒకడు. గీసినవాడి మామగారి సరుకును గీయించుకున్నవాడు నీళ్లలో కలిపాడన్నమాట. ఆ బొమ్మ ఇప్పుడు బోస్టన్ మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌లో ఉంది. నాన్నకు ఫోనులో చూపించాను. టీపాట్ కింద తోలు దిండు చూసి తలూపారు, చెక్కేటప్పుడు వస్తువు తిప్పుకోవడానికి అది కావాలి. ఆ తరవాత, "ఇంత మెరిసే బల్ల మీద ఎవడమ్మా పని చేసేది? ఇది ఫోటో కోసం కడిగిన బల్ల" అన్నారు.

ఫిలడెల్ఫియాలో మరో విచిత్రం. 1774లో మొదటి కాంటినెంటల్ కాంగ్రెస్, అంటే అమెరికాలోని బ్రిటిష్ వలసల ప్రతినిధుల సభ, కూర్చుంది. ఆ అక్టోబరులో సభ్యులంతా కట్టుబడిన ఒప్పందంలో కంపెనీ టీ కొనం, తాగం అన్నది ఒక షరతు. అదే కాంగ్రెస్ తమ కార్యదర్శి చార్ల్స్ థామ్సన్‌కు కృతజ్ఞతగా ఇచ్చిన కానుక ఏమిటంటే, టీ బల్ల మీద వేడి నీళ్లు పోసుకునే పెద్ద వెండి కలశం. కానుక అన్న తరవాత కలశం కలశమే కదా, నీళ్లు ఎందులోకి పోస్తారన్నది తరవాతి మాట అనుకున్నారేమో. అమెరికాలో తయారైన నియోక్లాసికల్ వెండిలో అది మొట్టమొదటి వాటిలో ఒకటి. ఇప్పుడు ఫిలడెల్ఫియా మ్యూజియం ఆఫ్ ఆర్ట్‌లో ఉంది. చేసినవాడు రిచర్డ్ హంఫ్రీస్, అప్పటికి 24 ఏళ్లవాడు.

హంఫ్రీస్ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆయన పుట్టింది కరీబియన్‌లో, టోర్టోలా దీవిలో, బానిసలు పని చేసే తోటలో. క్వేకర్. 1832లో పోయాడు. పోతూ తన ఆస్తిలో నుంచి 10,000 డాలర్లు ఆఫ్రికా సంతతి పిల్లల చదువు కోసం రాసిపెట్టాడు. ఆ డబ్బుతో మొదలైన బడే ఇవాళ చేయ్నీ విశ్వవిద్యాలయం. కలశం చేసిన చెయ్యి తాను పుట్టిన తోటను మరిచిపోలేదు. ఈ సంగతి వెండి గదిలో ఎందుకు చెప్పాలి? ఎందుకంటే పక్క అరలోనే పంచదార గిన్నె ఉంది. కలశం ఆకారం, పైన మూత, మూత మీద మొగ్గ. అందులో పోసిన పంచదార అలాంటి దీవుల నుంచే, అలాంటి తోటల్లో చెరకు నరికిన బానిసల చేతుల మీదుగానే వచ్చింది. వెండి మెక్సికో, దక్షిణ అమెరికాలోని పొటోసీ గనుల నుంచి నాణేలుగా వచ్చింది. పొటోసీలో కొండ దొలిచిన అక్కడి ఆదివాసుల్లో వెట్టికి పట్టుకొచ్చిన వాళ్లు తరతరాలుగా ఉన్నారు. యుద్ధం ముగిశాక 1784 ఫిబ్రవరిలో న్యూయార్క్ నుంచి ఎంప్రెస్ ఆఫ్ చైనా అనే ఓడ బయలుదేరి, చైనాలోని కాంటన్ రేవుకు వెళ్లి, మరుసటి ఏడు మేలో టీతో తిరిగొచ్చింది. ఒక్క టీ బల్ల మీద మూడు ఖండాల చెమట. మీ పలక మీద మాత్రం "బోస్టన్, 1792" అని ఉంటుంది.

చేతుల గురించి ఇంకా ఉంది. రివీర్ లెక్కల పుస్తకాల్లో యుద్ధానికి ముందు వెండి వస్తువులు వెయ్యి పైచిలుకు. యుద్ధం తరవాత, 1797 లోపు, నాలుగు వేల పైచిలుకు. అదే సమయంలో ఆయన ఇనుప సామాను దుకాణం నడిపాడు, కొలిమి పెట్టాడు, గంటలు పోతపోశాడు, యుద్ధనౌక కాన్‌స్టిట్యూషన్‌కు రాగి బోల్టులు, మేకులు ఇచ్చాడు. ఆ నాలుగు వేలూ ఆయన ఒక్కడి చేతులే చేశాయని ఎవరైనా అంటే మా నాన్న నవ్వుతారు. మా చిన్న దుకాణంలోనే రేకు సాగదీసేవాడొకడు, మెరుగు పెట్టేవాడొకడు, చెక్కుడు పనికి బయట నుంచి వచ్చేవాడొకడు. వస్తువు మీద పడేది నాన్న ముద్ర. రివీర్ దుకాణంలో కొడుకు ఉన్నాడు, పని నేర్చుకునే కుర్రాళ్లు ఉన్నారు, మజూరీకి పనివాళ్లు ఉన్నారు. ముద్ర అంటే సంతకం కాదు, పూచీ. ఈ ఒక్క ముక్క మీ గది గుమ్మం మీద రాయించండి.

దక్షిణాన చార్ల్స్‌టన్‌లో అయితే ఇంకా చేదు. అలెగ్జాండర్ పెట్రీ అనే వెండిపనివాడు 1768లో చనిపోయాక, అతని ఆస్తిలో భాగంగా అబ్రహాం అనే బానిస చేతులు మారాడు. అబ్రహాంకు వెండిపని తెలుసు. కొన్నది అదే వృత్తిలో ఉన్న మరొకడు. అబ్రహాం చేసిన వస్తువులు ఎవరి ముద్రతో ఏ ఇంట్లో ఉన్నాయో, మీ గదుల్లోనే ఉన్నాయో, చెప్పే గుర్తు ఏదీ లేదు. తన పేరే ముద్రగా కొట్టుకోగలిగిన ఆఫ్రికా సంతతి పనివాడు ఆ తరవాతి తరంలో కనిపిస్తాడు. పీటర్ బెంట్‌జన్, వర్జిన్ దీవుల్లో పుట్టి, బానిస కాని మనిషిగా ఫిలడెల్ఫియాలో పని నేర్చి, అక్కడా దీవుల్లోనూ దుకాణం నడిపాడు. చిన్న దీర్ఘచతురస్రంలో ఇంటిపేరు. ఆ ముద్ర ఎంత బరువైనదో తెలియాలంటే పక్కనే అబ్రహాం పేరుతో ఒక ఖాళీ చోటు ఉండాలి. వస్తువు లేకపోయినా ఫరవాలేదు, పలక ఒక్కటి పెట్టండి.

అంతా అన్యాయమే చూశాననుకోకండి. బోస్టన్‌లో ఒక టీ సెట్టు ఉంది, 1799లో రివీర్ దుకాణంలో తయారైంది. ఊరివాళ్లు చందాలు వేసుకుని ఎడ్మండ్ హార్ట్ అనే ఓడలు కట్టే మనిషికి కానుక ఇచ్చారు. బోస్టన్ అనే యుద్ధనౌకను బాగా కట్టినందుకు. వర్తకుడికీ గవర్నరుకూ కాకుండా, పని తెలిసినవాడికి పని తెలిసినవాడి చేత చేయించి ఇచ్చిన కానుక. ఆ చెంబు పొట్ట మీద పొగడ్త అంతా చెక్కి ఉంది. సన్మాన పత్రం వెండి రేకు మీద రాయించినట్టే.

వెలుతురు గురించి ఒక్క మాట. ఆ కాలపు చెక్కుడులో ఒక పద్ధతి ఉంది. ఉలిని ఏటవాలుగా పట్టి చిన్న చిన్న గాట్లు కొడతారు, ప్రతి గాటూ ఒక అద్దం ముక్కలా తళుక్కుమంటుంది. రివీర్ చెంబుల మీద స్తంభాల్లాంటి నిలువు గాళ్లు కూడా అంతే. అవి కొవ్వొత్తి కోసం చేసినవి. దీపం కదిలితే గోడ కదులుతుంది. మీరు పైనుంచి పరిచే తెల్లటి కదలని కాంతిలో అవి గీతల్లా చచ్చిపడి ఉంటాయి. అరలో ఒక మూల చిన్న దీపం అటూ ఇటూ కదిలేలా పెట్టండి, పెద్ద ఖర్చు కాదు. ఆ గాట్లు కొన్ని చెంబుల మీద అరిగిపోయి కనిపిస్తాయి, రెండు వందల ఏళ్లు పనిమనుషులు ఏ పొడితో పడితే ఆ పొడితో తోమినందుకు. మా ఊళ్లో పళ్లపొడితో వెండి తోమే ఇల్లాళ్లను చూసి నాన్న ఇప్పటికీ బాధపడతారు. విబూది చాలంటారు.

ఇంతకీ నేను అడిగేది కొండంతేమీ కాదు. ప్రతి గదిలో ఒక్క టీపాట్‌ను దాని పీట మీద నుంచి దించి, పక్కకు పడుకోబెట్టండి. లేదా కింద అద్దం పెట్టండి. ముద్ర, గీకిన తూకం, అడుగు రేకు అతుకు కనబడనివ్వండి. పిడి వెనక గీత దగ్గర ఒక బాణం గుర్తు పెట్టండి. వీలైతే అంతే మందం ఉన్న ఒక వెండి రేకు ముక్క, ఒక నాణెం తాడుకు కట్టి పిల్లలు చేత్తో పట్టుకునేలా ఉంచండి. పలక మీద దంపతుల పేర్లు ఉండనివ్వండి, వాళ్లతో నాకు పేచీ లేదు. కాని రెండో వాక్యం చెంబు చేసిన తీరు గురించి ఉండాలి.

మా నాన్న వచ్చే ఏప్రిల్‌లో మళ్లీ వస్తున్నారు. ఈసారి మోకాళ్లు బాగాలేవు, నేల మీద కూర్చోలేరు. మీలో ఎవరి దగ్గరైనా పనిబల్ల మీద తిరగేయడానికి వీలున్న కోల చెంబు ఒకటి ఉంటే, ఒక పూట మాకు ఇవ్వండి. రోజు మీరే చెప్పండి, ఎంత దూరమైనా కారు నేను నడుపుతాను. చేతి తొడుగులు వేసుకోమంటే వేసుకుంటారు. ముట్టుకోవద్దంటే ముట్టుకోరు, మీరు తిప్పుతుంటే చూస్తారు. భూతద్దం ఆయనే తెచ్చుకుంటారు.

ఇట్లు,
న్యూజెర్సీ నుంచి,
ఒక వెండిపనివాడి కూతురు